గట్టు మారిస్తే చాలా? గొట్టాలూ మార్చాలా?

మేడ్చల్, శామీర్‌పేట: మేడ్చల్ పాత ఊళ్ళో ఒక ఇంట్లో సంక్రాంతి వెళ్ళినప్పటి నుంచి ఒకటే తర్జనభర్జన. రెండేళ్ళుగా కడుతున్న చిట్టీ పాడుకున్నారు. డబ్బు చేతికొచ్చింది. స్నానాల గదికి అవతలి గోడ, అంటే పడకగది గోడ, మోకాలెత్తు వరకు చెమ్మ ఎక్కి రంగు పొరలు పొరలుగా రాలుతున్నది. పైగా డెబ్బయి దాటిన అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. నేలబారు మరుగుదొడ్డి మీద కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. రాత్రిపూట కోడలిని లేపడం ఇష్టం లేక సాయంత్రం నుంచే మంచినీళ్ళు తాగడం మానేశారావిడ.

కోడలి బాధ వేరు. వంటగట్టు ఎత్తు తక్కువ. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఇరవై ఏళ్ళుగా నడుము వంచి వండుతున్నారు. తూము దగ్గర సింకు కింది చెక్క అలమర ఉబ్బి తలుపు పడదు. చిట్టీ డబ్బు రెండు పనులకూ చాలదు.

మేస్త్రీని పిలిచారు. ఆయన ఐదు నిమిషాలు చూసి, “మొత్తం పగలగొట్టాల్సిందే సార్, పైపైన చేస్తే లాభం లేదు” అన్నారు. మర్నాడు ఇంకొకాయన వచ్చి, “ఎందుకు సార్ పగలగొట్టుడు? ఉన్న టైల్స్ మీదనే కొత్త టైల్స్ అతికిస్త. రెండు రోజుల పని” అన్నారు. ఈయన చెప్పిన ఖర్చుకూ ఆయన చెప్పిన ఖర్చుకూ నాలుగింతల తేడా. ఇద్దరూ గోడ పైన చూశారే తప్ప గోడ లోపల ఏముందో ఇద్దరూ అడగలేదు.

ఈ వాదన ఆ ఒక్క ఇంటిది కాదు. రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడింది. ఆ తర్వాతి పదిహేను, ఇరవై ఏళ్ళలో ఈ చుట్టుపక్కల ఊళ్ళలో పెంకుటిళ్ళ స్థానంలో స్లాబు ఇళ్ళు లేచాయి. అంతకు ముందు వాకిట్లోనో దొడ్లోనో నాలుగు షాబాదు బండలు పరిచి, చుట్టూ తడక కట్టి, పక్కన గోలెం పెట్టుకుంటే అదే స్నానాల గది. స్లాబు ఇళ్ళతో అది ఇంట్లోకి వచ్చింది. దానితో పాటే నీటి గొట్టాలూ గోడల్లోకి వెళ్ళాయి. 2016లో ఇది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది. జిల్లా పేరు మారింది గాని చాలా ఇళ్ళ గోడల్లో గొట్టాలు మాత్రం అప్పటివే. ఆ ఇళ్ళన్నీ ఇప్పుడు ఒకేసారి మరమ్మతు ఈడుకు వచ్చాయి.

మూడు రోజుల పరీక్ష

మేడ్చల్ ఇంటివారికి దారి చూపింది మూడోసారి వచ్చిన ఒక ప్లంబరు. ఆయన సుత్తి తీయలేదు. పెన్సిలు అడిగారు. పడకగది గోడ మీద చెమ్మ అంచు ఎంతవరకు ఉందో గీత గీసి, “మూడు రోజులు ఈ బాత్రూంల ఒక్క చెంబు నీళ్ళు కూడ పోయకుండ్రి. నల్లాలు కట్టేయుండ్రి గాని మీది ట్యాంకు వాల్వు మాత్రం తెరిచే ఉంచుండ్రి” అని చెప్పి వెళ్ళిపోయారు.

ఇందులో కిటుకు ఉంది. వాల్వు తెరిచి ఉంటే గోడలోని గొట్టంలో నీరు ఎప్పటిలాగే ఒత్తిడితో నిలిచి ఉంటుంది. గొట్టం కారుతుంటే గది వాడినా వాడకపోయినా చెమ్మ పాకుతూనే ఉంటుంది. అలా కాక గది వాడడం మానగానే చెమ్మ ఆగిపోతే, తప్పు నీరు తెచ్చే గొట్టానిది కాదు. నేలదో, నీరు పోయే తూముదో, టైల్స్ సందులదో అయి ఉంటుంది. మూడు రోజుల్లో గోడ పూర్తిగా ఆరిపోదు. గీత దాటిందా, పైపొర పొడిబారుతున్నదా అన్నదే చూడాలి. అనుమానం తీరకపోతే వారం రోజులు ఆగడం మంచిది.

దీనికి తోడుగా మరో చిన్న పరీక్ష. రాత్రి పడుకునే ముందు మోటారు ఆపి, ఇంట్లో కుళాయిలన్నీ కట్టి, పైట్యాంకులో నీరు ఎంతవరకు ఉందో సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. తెల్లారి ఎవరూ నీళ్ళు వాడకముందే చూడాలి. మట్టం దిగితే ఎక్కడో కారుతున్నట్లే. అయితే ఆ నేరం గోడ గొట్టాల మీద వేసేముందు ఫ్లష్ ట్యాంకును అనుమానించాలి. అందులో కాస్త నీలిమందు కలిపి అరగంట ఫ్లష్ చేయకుండా ఉంచితే, కింది గిన్నెలో నీలం కనిపించిందా లేదా అన్నదాన్ని బట్టి తేలిపోతుంది. అలా కారుతున్నది ఫ్లష్ ట్యాంకే అయితే లోపలి రబ్బరు బిళ్ళ మారిస్తే సరిపోతుంది, గది పగలగొట్టనక్కర లేదు.

ఆ మూడు రోజులూ ఆ ఇంటివారు వెనక వీధిలోని బంధువుల ఇంట్లో స్నానాలు చేశారు. “ఐదుగురం బకెట్లు పట్టుకొని పొద్దున్నే పోతుంటే ఊరంత నవ్వింది” అంటారు ఇంటి యజమాని. చెమ్మ గీత దాటలేదు. ట్యాంకు మట్టమూ దిగలేదు. పదేళ్ళ కిందటే గోడల్లోని జీఐ గొట్టాలు తీయించి సీపీవీసీ వేయించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది వారికి. అంటే గోడలు పగలగొట్టనవసరం లేదు, తప్పంతా నేలది.

ఈ ఒక్క తీర్పుతో ఎంత మిగిలిందో లెక్క వేసి చూడవచ్చు. గది 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. నేల 35 చదరపు అడుగులు. 7 అడుగుల ఎత్తు వరకు నాలుగు గోడలకు, తలుపు తీసివేస్తే, సుమారు 152. మొత్తం 187 చదరపు అడుగులు. అదే నేలను మాత్రం తవ్వి, గోడకు అడుగు ఎత్తున ఒక వరుస టైల్స్ తీసి నీరు దిగని పూత పైకి ఎక్కిస్తే 57 చదరపు అడుగులకు పని ముగుస్తుంది. మూడో వంతు కూడా కాదు. పగలగొట్టే కూలీ, సిమెంటు, టైల్స్, చెత్త ఎత్తే ట్రాక్టరు అన్నీ ఆ మేరకు తగ్గుతాయి.

శామీర్‌పేటలో ఎదురు అనుభవం

నేల మాత్రమే చాలు అన్నది అందరికీ వర్తించే సూత్రం కాదు. శామీర్‌పేట నుంచి తుర్కపల్లి వైపు వెళ్ళే దారిలో ఒక ఇంటాయన అనుభవం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో పనిచేసేవారికి అద్దెకివ్వడానికి మూడు పోర్షన్లు ఉన్నాయి ఆయనకు. అద్దె పెరుగుతుందని గోడలకు నిలువెత్తు తెల్లటి టైల్స్, మెరిసే కుళాయిలు వేయించారు. లోపల ఉన్నవి ముప్పయ్యేళ్ళ నాటి జీఐ గొట్టాలు. అవి అలాగే ఉంచేశారు.

రెండో ఏటికి కుళాయిల్లో ధార సన్నబడింది. పొద్దున మొదట వచ్చే రెండు చెంబుల నీళ్ళు ఇటుక రంగులో రావడం మొదలైంది. ఇనుప గొట్టం పైన జింకు పూత ఉన్నంత కాలమే తుప్పును ఆపుతుంది. ఆ పూత పోయాక లోపల తుప్పు పేరుకుంటుంది. ఈ ప్రాంతమంతా నల్లరాతి నేల. బోరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఆ నీటిలోని సున్నం కూడా తోడై అంగుళం గొట్టం పెన్సిలు సందంత మిగులుతుంది. చివరికి ఒక గొట్టం చిల్లు పడింది. కొత్త టైల్స్ పదకొండు పగలగొట్టాల్సి వచ్చింది. అదే రంగు టైల్స్ కోసం కొంపల్లి దుకాణాల దాకా తిరిగినా దొరకలేదు. తెలుపులో అన్ని తెలుపులు ఉంటాయని అప్పుడే తెలిసిందంటారాయన. ఇప్పుడు ఆ గోడ మీద ఒక నిలువు చార వేరే తెలుపులో కనిపిస్తుంది. కొత్తగా వేయించేవారు ఒక పెట్టె టైల్స్ అటక మీద దాచుకోవడం మంచిదని ఆయన సలహా.

గోడలో ఉన్నది ఇనుప గొట్టమై, ఇంటి వయసు పాతికేళ్ళు దాటితే దాని మీద కొత్త టైల్స్ వేయడమంటే తడి గోడకు పట్టుచీర కట్టడమే. అప్పుడు గది మొత్తం తవ్వాల్సిందే. చేతిలో అంత డబ్బు లేకపోతే మరో మార్గం ఉంది: గోడ జోలికి పోకుండా కొత్త గొట్టాలు పైనుంచే బిగించుకోవడం. చూపులకు బాగుండదు. కాని కారితే కంటికి కనిపిస్తుంది, పానాతో బిగించుకోవచ్చు. అద్దె పోర్షన్లకు ఇదే మేలని మా అభిప్రాయం.

ఇక నేల. స్నానాల గది నేలకు తూము వైపు 80 అడుగులకు ఒక అడుగు చొప్పున పల్లం ఉండాలి. అంటే 7 అడుగుల గదిలో దాదాపు ఒక అంగుళం. ఒక బకెట్ నీళ్ళు గుమ్మరించి పావుగంట తర్వాత చూడండి. మూలల్లో నీరు నిలిచి ఉంటే పల్లం తప్పినట్లే. రూపాయి బిళ్ళతో టైల్స్‌ను తట్టుతూ పోతే డొల్లగా మోగే చోట్ల కింద సిమెంటు పట్టు వదిలినట్లు లెక్క. తవ్విన తర్వాత నీరు దిగని పూత వేసి, తూముకు గుడ్డ బిగించి, రెండంగుళాల నీరు నింపి కనీసం రెండు రోజులు నిలపాలి. మేస్త్రీలు తొందరపడేది ఇక్కడే. “పూత మంచి కంపెనీది సార్, నింపనక్కర లేదు” అంటారు. నింపాలి. నీరు నిలిచిన తర్వాతనే టైల్స్‌కు డబ్బు ఇవ్వడం క్షేమం.

వాస్తు పేరిట మరుగుదొడ్డిని ఈ మూల నుంచి ఆ మూలకు జరిపేవారు చాలామంది ఉన్నారు. నమ్మకం ఎవరిది వారిది. కాని నీరు పల్లమెరుగు అన్నట్లు, నాలుగంగుళాల గొట్టానికి కొత్త మూల నుంచి సరిపడా వాలు దొరకదు. దొరికించాలంటే నేల ఎత్తు పెంచాలి, గుమ్మం దగ్గర మెట్టు వస్తుంది. మోకాళ్ళ నొప్పులవారున్న ఇంట్లో ఆ మెట్టే ప్రమాదం. ఎక్కడున్నది అక్కడే ఉంచి మార్చుకుంటే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. నేలబారు దొడ్డి తీసి కమోడ్ పెట్టేవారు గోడ నుంచి ట్రాపు మధ్యకు ఎన్ని అంగుళాలో కొలుచుకున్నాకే దుకాణానికి వెళ్ళాలి. కొలత తప్పితే కమోడ్ గోడకు ఆనదు, లేదా అసలు పట్టదు. చేతిపట్టు కడ్డీని టైల్స్‌కు కాక లోపలి ఇటుకలోకి బిగించాలి. తలుపు బయటికి తెరుచుకునేలా మారిస్తే లోపల ఎవరైనా పడిపోయినా తీయడం సులువు.

గీజరు పెట్టేవారికి ఒక హెచ్చరిక. 2 కిలోవాట్ల గీజరు తొమ్మిది ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుంది. లైటు స్విచ్చు పక్కనున్న 6 ఆంపియర్ల ప్లగ్గు దానికి పనికిరాదు. మీటరు నుంచి విడి తీగ, 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర కట్ అయ్యే ఆర్‌సీసీబీ ఉండాలి. తీగ గోడలోకి పోవాలంటే టైల్స్‌కు ముందే పోవాలి. గ్యాసు గీజరును మాత్రం స్నానాల గది లోపల పెట్టనే కూడదు. తలుపు మూసిన చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియనివ్వకుండా ప్రాణం తీస్తుంది.

సెప్టిక్ ట్యాంకు సంగతి ఇంటివారు చివరన గుర్తు చేసుకుంటారు. ఇంకుడు గొయ్యి తాగునీటి బావికి 18 మీటర్ల దూరంలో ఉండాలన్నది భారతీయ ప్రమాణం. మన దగ్గర నూటయాభై గజాల ప్లాటు 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు. ఆ పొడవే 14 మీటర్లు దాటదు. అంటే ఒకే ప్లాటులో బోరూ గొయ్యీ ఉన్న ఇళ్ళలో ఆ ప్రమాణం పాటించడం సాధ్యమే కాదు. అటువంటి ఇళ్ళలో బోరు నీళ్ళు తాగకపోవడమే మంచిది. రెండో స్నానాల గది కట్టాలనుకునేవారు పాత ట్యాంకు ఎందరికి సరిపడా కట్టిందో ముందు తెలుసుకోవాలి.

వంటింటికి ఎప్పుడూ చివరి వంతే

వంటింటి చరిత్ర చూస్తే అది ఇప్పటికే ఒకసారి పూర్తిగా మారింది. నేల మీద మూడు రాళ్ళ పొయ్యి, పక్కన పీట, పైన పొగ పోయే గూడు. ఇది నిన్నమొన్నటి వంటిల్లు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాలవారికి గ్యాసు కనెక్షన్లు వచ్చాక చాలా ఇళ్ళలో పొయ్యి గట్టెక్కింది. అప్పుడు తొందర తొందరగా ఇటుకలు పేర్చి, పైన కడప బండ వేసి కట్టిన గట్లు ఎన్నో. ఎవరి ఎత్తుకు కట్టారంటే ఎవరి ఎత్తుకూ కాదు. బండ ఎక్కడ ఆనితే అక్కడికి.

మోచేతి కన్నా నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందికి గట్టు ఉంటే నడుము వంగదు. ఐదడుగుల మనిషికి అది 32 నుంచి 34 అంగుళాలు. మేడ్చల్ ఇంట్లో గట్టు కొలిచి చూస్తే 28 అంగుళాలే ఉంది. దీనికి గట్టు పగలగొట్టనక్కర లేదని ఆ ప్లంబరే చెప్పారట. పాత బండ మీద ఇటుక వరుస పేర్చి, దాని మీద గ్రానైటు పలక పరిస్తే ఎత్తు సరిపోతుంది. సింకును ఆ మేరకు ఎత్తి, తూము గొట్టం పొడిగించాలి. అంతే.

దుకాణాల్లో అమ్మే అలమరల వంటిళ్ళు చూడముచ్చటగా ఉంటాయి. వాటిలో చాలా వాటికి లోపల ఉన్నది చెక్క పొట్టు అదిమిన పలక. పొడి చోట బాగానే ఉంటుంది. సింకు కింద ఒక్క వానాకాలం చెమ్మ తగిలితే రొట్టెలా ఉబ్బుతుంది. సింకు కింద మాత్రం కడప బండ పలకలే మేలు. చెద పట్టదు, ఉబ్బదు, పాతికేళ్ళ తర్వాత కూడా కడిగి వాడుకోవచ్చు. పాత బండలను మోటుగా ఉన్నాయని పారేసి, అంతకు మూడింతల ధర పెట్టి పొట్టు పలకలు కొనడం ఏం తెలివో మాకు అర్థం కాలేదు.

గ్యాసు విషయంలో రాజీ కూడదు. వంటగ్యాసు గాలి కన్నా బరువు. కారితే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. సిలిండరును అందంగా ఉంటుందని మూసిన అలమరలో పెట్టించేవారు ఆ తలుపు అడుగున గాలి పోయే సందులు తప్పక ఉంచాలి. రబ్బరు గొట్టాన్ని ఐదేళ్ళకోసారి మార్చాలి.

పగలగొట్టిన రాళ్ళూరప్పలు ఎక్కడ పోయాలన్నది ఎవరూ ముందు ఆలోచించరు. చిన్న స్నానాల గది మొత్తం తవ్వితే ట్రాక్టరు ట్రాలీలో సగం దాకా చెత్త వస్తుంది. చీకటి పడ్డాక దాన్ని చెరువు శిఖంలో ఒంపి వచ్చేవారూ లేకపోలేదు. నిర్మాణ వ్యర్థాలను మళ్ళీ పనికొచ్చేలా చేసే కేంద్రం జీడిమెట్లలో ఉంది. ట్రాక్టరు మాట్లాడుకునేటప్పుడే చెత్త ఎక్కడికి పోవాలో చెప్పి బేరం చేసుకోవాలి.

మేడ్చల్ ఇంట్లో ఏమైందంటారా? మాఘమాసంలో స్నానాల గది నేల తవ్వారు. కింద నహానీ ట్రాపు పగిలి ఏళ్ళ తరబడి నీరు మట్టిలోకి దిగుతున్నట్లు తేలింది. ట్రాపు మార్చి, నేల వేసి, కమోడ్, చేతిపట్టు కడ్డీ పెట్టించారు. పని పది రోజులు పట్టింది. గోడల పాత నీలం టైల్స్ అలాగే ఉన్నాయి. కింద ఒక వరుస మాత్రం తెల్లగా ఉంది. అతకలేదని చూసినవారు అంటున్నారు. అత్తగారు మాత్రం ఇప్పుడు రాత్రిపూట ఎవరినీ లేపడం లేదు.

మిగిలిన డబ్బుతో వంటగట్టు ఎత్తు పెంచారు. సింకు కింద ఉబ్బిన చెక్క పోయి బండ పలక వచ్చింది. అలమరలకు డబ్బు మిగలలేదు. “ఇంట్ల ఏది ఖరాబైనా ముందు అదే చేపిస్తరు, వంటింటికి మాత్రం ఎప్పుడూ చివరి వంతే” అని కోడలు మా ప్రతినిధితో నిష్ఠూరంగా అన్నారు. అత్తగారు పక్కనే ఉండి, “నిజమే బిడ్డా” అని ఒప్పుకున్నారు. ఆ ఇంట్లో మళ్ళీ ఒక చిట్టీ మొదలుపెట్టారు. ఈసారి చిట్టీ పుస్తకం కోడలి పేరున ఉంది.